గడ్డిగది పెంపకం

మామిడి కాపు మొదలైతే పోతురాజుకి పగలే రాత్రి. రాత్రంతా లాంతరు పట్టుకుని, రేకు డబ్బా వాయించుకుంటూ పన్నెండెకరాల తోట చుట్టూ తిరుగుతాడు. తెల్లవారి కోతవాళ్లు కాయలు కోసే చిక్కాలు భుజాన వేసుకుని వచ్చాక గడ్డిగది గుమ్మంలో గోనె పరుచుకుని పడుకుంటాడు. పడుకుంటాడంటే నిద్రపోతాడని కాదు. అరవైకి దగ్గరపడ్డ ఒళ్లు అది. కాళ్లు పీకుతాయి, నడుము లాగుతుంది, కళ్లు మండుతాయి. ఏ పదింటికో కునుకు పడితే, సరిగ్గా అప్పుడే ఎవడో వచ్చి తాడు కావాలనో నీళ్లు కావాలనో లేపుతాడు. కాపలావాడు పగలు పడుకుంటే అది నిద్ర కిందికి రాదని లోకం ఎప్పుడో తీర్మానించేసింది.

ముసునూరు దారిలో ఉన్న ఆ తోట రాఘవయ్య షావుకారిది. నూజివీడులో పెద్ద మామిడి వ్యాపారి. తోటలో ఉన్నవి రెండే గూళ్లు. ఒకటి పోతురాజు పాక, రెండోది గడ్డిగది. మందపాటి మట్టిగోడలు, తాటాకు కప్పు, ఒకే ఒక తలుపు. కిటికీ లేదు. షావుకారి ఇంటికీ ఆయన చుట్టాల ఇళ్లకీ వెళ్లే రసాలు ఆ గదిలోనే వరిగడ్డి కింద మాగుతాయి. తలుపు వేస్తే ఎవరి చెయ్యి వారికి కనపడదు. బయట ఎండ పెళ్లుమంటున్నా లోపల చల్లగా ఉంటుంది.

పందొమ్మిది వందల అరవై ఐదో సంవత్సరం వేసవిలో ఆ గదిలో కాయలతోపాటు పోతురాజు మనవరాలు కూడా పెరుగుతోంది.

పిల్ల పేరు పార్వతి. ఎనిమిదో నెల. తల్లి నాగమణి, పోతురాజు కూతురు, రోజూ చీకటితోనే కూలీల బండెక్కి నూజివీడు వెళ్లి, షావుకారి యార్డులో కాయలు ఏరుతుంది. పొద్దుగూకాక వస్తుంది. చంటిపిల్లల్ని యార్డులోకి రానివ్వరు. మొగుడు హనుమాన్ జంక్షన్‌లో లారీలకి సరుకు ఎత్తుతాడు, పదిహేను రోజులకోసారి మొహం చూపిస్తాడు. ఇక మిగిలింది పోతురాజు. అతని భార్య మంగమ్మ ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కిందటి వానాకాలం నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

అంచేత నాగమణి బండెక్కగానే పోతురాజు పిల్లకి ఉగ్గుగిన్నెతో గేదెపాలు పట్టి, గడ్డి పరిచిన పళ్లబుట్టలో పడుకోబెట్టి, బుట్టని గడ్డిగదిలో ఓ మూల పెట్టి, తలుపు చేరవేసి, గుమ్మానికి అడ్డంగా తాను పడుకునేవాడు. ఈగ వాలదు, వడగాలి తగలదు, కోతులు ఎత్తుకుపోవు. మధ్యాహ్నం ఓసారీ సాయంత్రం ఓసారీ లేచి పాలు పట్టి, గుడ్డ మార్చి, మళ్లీ తలుపు వేసేవాడు. తనకి తెలిసినంతలో బాగానే చూసుకుంటున్నాననుకున్నాడు. కోతకొచ్చిన ఆడవాళ్లు కూడా అదే మాట అన్నారు.

"నీ మనవరాలు బంగారం బాబాయ్. మా ఇంట్లోదాన్ని దింపితే చాలు, ఊరు లేచిపోద్ది. ఇదసలు నోరెత్తదు."

మొదట్లో ఎత్తింది. ఫాల్గుణ మాసంలో గదిలో పెట్టిన కొత్తలో గుక్కపట్టి ఏడిచింది. పది రోజులు అలా ఏడిచి మానేసింది. అలవాటు పడిందని పోతురాజు సంతోషించాడు. నిద్రలేనివాడికి ఏడవని పిల్లకంటే వరమేముంటుంది?

ఇక కుక్క సంగతి. దాన్ని పెంచింది కూడా ఆ గదిలోనే.

తోట కుక్కని పెంచడానికి పోతురాజు ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పిల్లకుక్క కళ్లు తెరవగానే తల్లి దగ్గర్నించి తెచ్చి చీకటిగదిలో వెయ్యాలి. తిండి పెట్టే చెయ్యి తప్ప దానికి మరో మనిషి వాసన తెలియకూడదు. అలా పెరిగినది యజమానికి తప్ప ఎవరికీ లొంగదని వాళ్ల నాన్న చెప్పేవాడు. ఆయన పక్షం రోజులు ఉంచి బయటికి వదిలేవాడు. పోతురాజు మామిడి మనిషి కదా, ఇంకో రకంగా ఆలోచించాడు. గడ్డి తొందరపడి తీస్తే కాయ దోరగానే ఉండిపోతుంది, ఓపిక పట్టినవాడికే పండు దక్కుతుంది. పక్షం రోజులకే అంత పౌరుషం వస్తే నాలుగు నెలలకి ఎంత రావాలి? కార్తీకంలో గదిలో వేసిన పిల్లకుక్కని మాఘమాసంలో గానీ బయటికి తియ్యలేదు. ముందే పులి అని పేరు కూడా పెట్టుకున్నాడు.

తలుపు తీశాక ఆ పులి గుమ్మంలో గంటసేపు నిలబడింది. తర్వాత నడిచి వెళ్లి మామిడి మొదలుకి గుద్దుకుంది. వెనక్కి వచ్చి మళ్లీ అదే చెట్టుకి గుద్దుకుంది. కొత్తవాళ్లు వస్తే మొరగలేదు, తెలిసినవాళ్లొస్తే తోక ఊపలేదు. ఉన్నచోట గిరగిరా తిరిగేది. అన్నిటికంటే వింత, పొయ్యిలో నిప్పు కనపడితే ముక్కు పెట్టేది. కాలి, చటుక్కున వెనక్కి తీసి, మళ్లీ పెట్టేది. మూడు నెలలైనా నేర్చుకోలేదు. కోతవాళ్లకి అదో వినోదం. షావుకారైతే ఒకసారి చూసి, "ఏరా పోతురాజూ, పులన్నావు, గొర్రె కూడా దీనికంటే నయం కదరా," అని నవ్వి వెళ్లిపోయాడు. పోతురాజుకి తల కొట్టేసినట్టయింది. కుక్క పుట్టుకే మంచిది కాదని సర్దిచెప్పుకున్నాడు.

వైశాఖం చివర్లో పశువుల డాక్టరు తోటకి వచ్చాడు. షావుకారి బండెద్దుకి గిట్ట వాచింది. సైకిలు తొక్కుకుంటూ వచ్చి, గిట్ట కోసి చీము తీసి, కట్టు కట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆ ఎండలో తిరిగి వెళ్లలేక గడ్డిగది గుమ్మంలో, పోతురాజు గోనె మీదే కూర్చున్నాడు. తలుపు సందులోంచి చల్లగాలి వస్తోంది. బక్కపలచని మనిషి, ఆయన కూడా అలిసిపోయే ఉన్నాడు. మంచినీళ్లు తాగి బీడీ ముట్టించాడు.

బీడీ వెలుగు చూసి పులి వచ్చింది. తిన్నగా వచ్చి నిప్పుకి ముక్కు ఆనించింది. కుయ్యిమని వెనక్కి తగ్గింది. మళ్లీ ముందుకొచ్చి మళ్లీ ఆనించబోయింది. డాక్టరు చెయ్యి పైకెత్తేశాడు.

"ఏంటిది? దీని ముక్కంతా పుండేగా."

"దానికి బుద్ధి లేదండీ. పుట్టుకే అంత."

"పుట్టుక సంగతి తర్వాత. ఎలా పెంచావు?"

పోతురాజు చెప్పాడు. నాన్న పద్ధతి, పక్షం రోజులు, తాను నాలుగు నెలలు ఉంచడం, అన్నీ చెప్పాడు. డాక్టరు బీడీ నేలకి రాసి ఆర్పి, కుక్కని దగ్గరికి లాక్కుని కళ్లూ చెవులూ చూశాడు.

"కళ్లు బాగున్నాయి. చెవులు బాగున్నాయి. లోపం ఇక్కడ కాదు పోతురాజూ, లోపల మెదడులో. దీనికి నొప్పి తెలుస్తోంది. ఆ నొప్పి దేనివల్ల వచ్చిందో తెలియట్లేదు. నిప్పుకీ మంటకీ లోపల ముడి పడలేదు."

"అదేంటండీ, నిప్పు కాలుద్దని చీమక్కూడా తెలుసు కదండీ."

"పుట్టగానే అన్నీ తెలియవయ్యా. ఆ మధ్య ఒక పత్రికలో చదివాను. పై దేశాల్లో కొందరు పిల్లకుక్కల్ని ఇలాగే మూసిన పెట్టెల్లో పెంచి చూశారట. పెద్దయ్యాక అవి కూడా నిప్పులో ముక్కులు పెట్టాయి. ఇంకొకళ్లు ఎలకల్ని పెంచారు. కొన్నిటికి ఆటవస్తువులిచ్చి, తోడిచ్చి పెంచారు. కొన్నిటిని ఒంటరిగా మూసిపెట్టారు. తిండి మాత్రం ఒకటే. తర్వాత మెదళ్లు తీసి తూచారు. ఆడుకుంటూ పెరిగినవాటి మెదడే బరువు తూగింది."

పోతురాజు నమ్మలేనట్టు నవ్వాడు. "ఆడుకుంటే మెదడు బరువెక్కుద్దా అండీ?"

"మెదడులో కంటికి కనపడనంత సన్నని కణాలుంటాయి. పుట్టినప్పుడు మొలకల్లా ఉంటాయనుకో. కన్ను చూసినకొద్దీ, చెవి విన్నకొద్దీ, ఒంటికి ఏదైనా తగిలినకొద్దీ వాటికి కొమ్మలు వేస్తాయి. ఈ కణం కొమ్మ ఆ కణాన్ని అందుకుంటుంది. తెలివంటే ఆ అల్లికేనంటున్నారు. చీకట్లో మూసిపెడితే చూడ్డానికేం ఉంది, వినడానికేం ఉంది? కొమ్మలు రావు."

పోతురాజు నవ్వు ఆగింది. కుక్కకేసి చూశాడు. అది తన తోక చుట్టూ తాను తిరుగుతోంది.

"ఇప్పుడు బయటే ఉంటోంది కదండీ. మెల్లిగా వచ్చేస్తాయేమో?"

"కొంత రావచ్చు. మొత్తం వస్తుందని నేను చెప్పలేను. దేనికైనా ఒక అదనుంటుంది. అది దాటిపోయాక ఎంత వెలుతురు చూపించినా అంతే."

"టెంక కట్టని కాయండీ," అన్నాడు పోతురాజు మెల్లిగా.

"అంటే?"

"కాయ చెట్టు మీదుండగా టెంక ముదరాలండీ. ముదిరాక కోసి గడ్డిలో పెడితే పండుద్ది. ముదరకముందే కోస్తే, గడ్డిలో నెల్లాళ్లుంచినా పండదండీ. వడిలి ముడతలు పడుద్ది. దాన్ని మళ్లీ చెట్టుకి అతికించలేం."

"అదే, అదే నేను చెప్పేది," అన్నాడు డాక్టరు. ఇంత బాగా తానే చెప్పలేకపోయానే అన్నట్టు తలూపాడు. పుండుకి రాయడానికి మందిచ్చి, ఎండ కాస్త వాలాక సైకిలెక్కాడు. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "ఇంత తోటలో ఒక్కడివే ఉంటున్నావా? పలకరించేవాళ్లెవరూ లేరా?" అని అడిగాడు.

పోతురాజు తలుపుకేసి చూశాడు. గంటసేపు ఆ గుమ్మంలో కూర్చున్న మనిషికి, వీపు వెనక తలుపు అవతల ఒక పసిపిల్ల ఉందని తెలియలేదు.

సైకిలు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి, ఒక్కసారిగా పరిగెత్తి తలుపు తోశాడు. బుట్టలో పిల్ల పడుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నాడు. నిద్ర కాదు. కళ్లు తెరుచుకుని పైకి చూస్తోంది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, చీకటి తప్ప. ఎంతసేపట్నించి అలా ఉందో! ఇన్ని రోజులూ తాను గురకపెడుతుంటే లోపల ఇలాగే మెలకువగా పడుకుని ఉందా?

పిల్లని ఎత్తుకుని బయటికొచ్చాడు. వెలుగు తగలగానే కళ్లు గట్టిగా మూసుకుంది. ఏడవలేదు. చప్పట్లు కొట్టాడు. ఉలిక్కిపడింది, అంతే, ఎవరు కొట్టారని చూడలేదు. కాయ ఒకటి మొహం ముందు ఊపాడు. చెయ్యి చాపలేదు. "పార్వతీ, బుజ్జితల్లీ, తాతనే," అన్నాడు. పిల్ల చూపు అతని భుజం మీంచి ఎటో పోయింది. గాలిలో ఏమీ లేనిచోటుకి.

ఆ సాయంత్రం నాగమణి వచ్చి చెంబుతో నీళ్లు మొహం మీద కొట్టుకుంటుంటే అంతా చెప్పాడు. ఆమె చేతుల నిండా మామిడి జీడి పడి బొబ్బలు. విని విని విసురుగా లేచింది.

"కుక్కకీ పిల్లకీ పోలికేంటి నాన్నా? ఆ డాక్టరుకి పనీపాటా లేదు, నీకు బుర్ర లేదు."

"పోనీలే, నాకు బుర్ర లేదు. నువ్వు చెప్పు. పాలిచ్చేటప్పుడు అది నీ మొహంకేసి చూస్తుందా?"

నాగమణి పిల్లని ఒళ్లోకి తీసుకుని, కొంగుతో దాని నుదురు తుడుస్తూ కూర్చుంది.

"చూడదు. నెలరోజుల్నించీ చూస్తున్నా. ఇవాళ చూస్తుంది, రేపు చూస్తుంది అనుకుంటున్నా. ఎవరితోనన్నా అంటే అదే నిజమైపోద్దేమోనని భయమేసింది." బొబ్బలెక్కిన చేతులు చూసుకుంది. "యార్డు మానేసి ఇంట్లో కూర్చుంటే ఏం తింటాం నాన్నా?"

"నువ్వేం మానొద్దు. రేపట్నించి పిల్ల బయటే, నా దగ్గరే ఉంటది."

"మరి నువ్వెప్పుడు పడుకుంటావు?"

"కాపయ్యాక పడుకుంటాలే."

మర్నాడు పొద్దున మంగమ్మ పాతచీర ఒకటి తీసి, పిల్లని వీపుకి కట్టుకున్నాడు. రాత్రి కాపలా అయ్యాక పగలంతా ఆ బరువుతో చెట్టు చెట్టుకీ తిరిగాడు. ఇదిగో రసం, ఇదిగో బంగినపల్లి, అదిగో కాకి, అది కోయిల, నా పాట కంటే దాని పాటే బాగుంది చూడు, అని వాగుతూనే ఉన్నాడు. జన్మలో అన్ని మాటలు ఆడి ఎరగడు. మంగమ్మ బతికుండగా ఇందులో పదోవంతు మాట్లాడినా సంతోషించేది పాపం. కోతకొచ్చిన ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లలో రమణమ్మ అనే ఆవిడ భోజనాల వేళ పిల్లని ఒళ్లో వేసుకుని గాజులు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మరొకరు. పిల్ల చేతులు మారింది.

పోతురాజు ఒళ్లు హూనమైంది. నడుస్తూ నడుస్తూ నిద్రపోయేవాడు, చెట్టుకి నుదురు తగిలి లేచేవాడు. పులికీ తనకీ పెద్ద తేడా లేదనిపించేది. అయిదో రాత్రి లాంతరు పక్కన పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పొద్దున చూస్తే ఉత్తరం గట్టున రెండు చెట్లు ఖాళీ. షావుకారు వచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"కాపలావాడివా, ఆయావా రా నువ్వు?"

"రెండూనండి అయ్యా," అన్నాడు పోతురాజు. పొగరుగా అనలేదు. అంతకంటే పెద్ద జవాబు చెప్పే ఓపిక లేకపోయింది.

"ఇంకోసారి జరిగితే సామాను సర్దుకో," అని షావుకారు వెళ్లిపోయాడు. పోతురాజు ఆ రోజు కూడా పడుకోలేదు.

పది రోజులు గడిచాయి. పిల్ల వెలుగుకి కళ్లు మూసుకోవడం మానేసింది. చప్పుడు అయినవైపు తల తిప్పుతోందని రమణమ్మ అంది. తిప్పుతోందో, తిప్పినట్టు తామే అనుకుంటున్నారో పోతురాజుకి తెలియలేదు. ఆశ పడటానికి కూడా ఓపిక కావాలి, అతని దగ్గర అదే కరువు. పదకొండో రోజు పొద్దున చెట్టుకింద దుప్పటి పరిచి పిల్లని కూర్చోబెట్టి, చుట్టూ గడ్డిమూటలు ఒత్తుపెట్టి, తాను మొదలుకి ఆనుకున్నాడు. కళ్లు వాలిపోయాయి.

కెవ్వుమన్న కేకకి లేచాడు. పిల్ల ఎర్రగా కందిపోయి గుక్కపట్టి ఏడుస్తోంది. బొటనవేలికి ఎర్రచీమ పట్టుకుని వేలాడుతోంది. వేరు వెంబడి చీమల బారు పోతోంది, దాంట్లో చెయ్యి పెట్టింది. పోతురాజు చీమని నలిపేసి, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. పిల్ల ఏడుపు తోటంతా వినిపించింది. రమణమ్మ పరిగెత్తుకొచ్చి తిట్టింది.

"ముసలోడా, పిల్లని చీమల్లో పడేసి నిద్రపోతున్నావా?"

"ఏడవనీ, ఏడవనీవే," అన్నాడు పోతురాజు. మూడు నెలల తర్వాత వింటున్న ఆ ఏడుపుకి అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కానీ ఆ సంతోషం పట్టుమని ఓ ఘడియ నిలవలేదు. ముక్కు కాలితే పులి కూడా కుయ్యిమంటుంది. నొప్పి తెలియడం వేరు, నొప్పి దేనివల్లో తెలియడం వేరని డాక్టరు చెప్పనే చెప్పాడు. ఇప్పుడు తెలియాల్సింది ఒక్కటే. ఆ చెయ్యి మళ్లీ వెళుతుందా?

రమణమ్మ పనిలోకి వెళ్లాక పోతురాజు దుప్పటి అక్కడినుంచి తియ్యలేదు. చీమల్ని చెదరగొట్టలేదు. ఇది ఎవరికైనా తెలిస్తే తన్నేవాళ్లు, నాగమణి అయితే చంపేసేది. పాలు పట్టి, ఊరుకోబెట్టి, పిల్లని మళ్లీ అక్కడే కూర్చోబెట్టాడు. నిద్ర ఎటు పోయిందో పోయింది.

చాలాసేపు పిల్ల గడ్డిపోచతో ఆడుకుంది. తర్వాత వేరుకేసి చూసింది. ఎర్రటి బారు కదులుతోంది. చెయ్యి చాపింది.

పోతురాజు చెయ్యి దానంతట అదే లేచింది. దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. మంగమ్మా, అనుకున్నాడు. ఇంకేమీ అనుకోలేకపోయాడు. చిన్న చెయ్యి ముందుకి వెళుతోంది. జానెడు దూరం. బెత్తెడు. చీమ మీసాలు ఊపుతూ తలెత్తింది.

చెయ్యి ఆగింది. అలా గాలిలో ఒక్క క్షణం ఉండి, పిల్ల దాన్ని గబుక్కున పొట్టకి దగ్గరగా లాక్కుంది. కుట్టిన వేలిని రెండో చేత్తో పట్టుకుంది. తలెత్తింది. వెతుక్కుని, తిన్నగా పోతురాజు మొహంకేసి చూసింది. చూసి, పెదవి విరిచి, చీమ మీద పితూరీ చెప్పబోతున్నదానిలా దీర్ఘం తీసింది.

"అవునమ్మా, అది కుట్టుద్దమ్మా, అది దొంగది," అంటూ పోతురాజు పిల్లని గుండెకి అదుముకుని భోరుమన్నాడు. అరవై ఏళ్ల మనిషి అలా ఏడుస్తుంటే చెట్లమీది కోతవాళ్లు చిక్కాలు ఆపి చూశారు.

సాయంత్రం నాగమణి వచ్చేసరికి గడ్డిగది తలుపు గోడకి ఆనించి ఉంది. పోతురాజే చీలలు ఊడగొట్టి తీసేశాడు. తలుపెందుకు ఊడదీశావని షావుకారు అడుగుతాడు, అడిగినప్పుడు చూసుకోవచ్చు. నాగమణి అక్కడే చతికిలబడి పిల్లకి పాలిస్తోంది. పిల్ల తాగుతూ తాగుతూ ఆగి, కళ్లు పైకెత్తి తల్లిని చూస్తోంది. నాగమణి కదిలితే ఆ చూపు పోతుందేమోనని ఊపిరి కూడా గట్టిగా తియ్యడం లేదు.

పోతురాజు పొయ్యి రాజేశాడు. పుల్లలు అంటుకోగానే పులి లేచి వచ్చింది. ముక్కు మీద కాసేపటి కింద రాసిన మందు ఇంకా పచ్చిగానే ఉంది. తిన్నగా నిప్పుకేసి నడిచింది. పోతురాజు దాని మెడ పట్టుకుని వెనక్కి లాగాడు. అది మళ్లీ వచ్చింది. మళ్లీ లాగాడు.

"నిన్ను నేనే పాడుచేశాను రా," అన్నాడు దాని చెవి నిమురుతూ. దానికేం తెలుస్తుంది? మూడోసారి నిప్పుకేసి మెడ చాపింది. పోతురాజు దాన్ని ఒళ్లోకి లాక్కుని, వదలకుండా పట్టుకుని, రెండో చేత్తో అన్నం వండాడు. రాత్రి కాపలాకి ఇంకా రెండు గంటల టైముంది.